గాజుపెట్టెలో గాలిని కొలవడం: చిన్న మ్యూజియంలో నాణేలు, ఇనుప వస్తువులు చెడకుండా

హాలు గోడ మీద వేలాడే తేమ మీటరు 50 శాతం చూపిస్తోందంటే హాలు గాలి బాగుందని మాత్రమే అర్థం. షోకేసులో ఉన్న నాణెం సంగతి అది చెప్పదు. 30 డిగ్రీల దగ్గర 60 శాతం సాపేక్ష తేమ (ఆ వేడిలో గాలి పట్టి ఉంచగల నీటిలో ఎంత శాతం ఉందన్న లెక్క) ఉన్న గాలిని గాజుపెట్టెలో మూసిపెట్టి, ఏసీతో 24 డిగ్రీలకు దింపితే లోపల తేమ దాదాపు 85 శాతానికి చేరుతుంది. ఏసీ హాల్లోని నీటిని బయటికి పంపుతుంది. మూసిన పెట్టెలోని నీరు ఎక్కడికీ పోదు, గాలి మాత్రం చల్లబడుతుంది. లోపలి గుడ్డ, చెక్క కొంత పీల్చుకుంటాయి కాబట్టి అంకె అంత పెరగకపోవచ్చు గానీ పెరగడం మాత్రం ఖాయం. అందుకే మీటరు వస్తువు పక్కనే ఉండాలి.

కనీసం మూడు డేటా లాగర్లు (తేమను, ఉష్ణోగ్రతను వాటంతటవే రాసిపెట్టుకునే చిన్న మీటర్లు) కావాలి: ఒకటి షోకేసు లోపల, ఒకటి హాల్లో, ఒకటి బయట ఎండావానా తగలని వరండాలో. బయటిది లేకపోతే లోపలి గ్రాఫు ఎగుడుదిగుడులకు కారణం వాతావరణమా, మనుషులా అన్నది తేలదు. తేమలో తేడా 3 శాతానికి, ఉష్ణోగ్రతలో అర డిగ్రీకి మించని రకం చాలు.

కొత్తదైనా సరే, పెట్టే ముందు ఉప్పుతో పరీక్షించండి. గాలి చొరబడని డబ్బాలో చిన్న గిన్నె పెట్టి, అందులో ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు మాత్రమే కలపండి. ఉప్పు పూర్తిగా కరిగిపోతే పరీక్ష చెడినట్టే. లాగర్‌ను ఉప్పు తగలకుండా పక్కన ఉంచి మూత బిగించి, ఎండ పడని చోట ఒక రోజు వదిలేయండి. 75 శాతం చూపాలి. ల్యాబ్‌లో మెగ్నీషియం క్లోరైడ్ దొరికితే దానితోనూ చూడండి, 33 దగ్గర నిలవాలి. తేడా ఎంతో లాగర్ వెనక చీటీ మీద రాసి అంటించండి. ఏటా వానలకు ముందు ఈ పని మళ్లీ చేయాలి, ఎందుకంటే సెన్సర్లు మెల్లగా దారి తప్పుతాయి.

షోకేసులో లాగర్ వస్తువు ఎత్తులోనే ఉండాలి. లైటు కింద, గాజుకు ఆనించి, సిలికా జెల్ (తేమ పీల్చే గుళికలు) మీద పెట్టకూడదు. హాల్లో అయితే ఏసీ గాలి నేరుగా కొట్టే చోటు, ఎండ పడే గోడ పనికిరావు. 15 నిమిషాలకో రీడింగు పెడితే 16,000 రీడింగుల మెమరీ ఐదున్నర నెలలు వస్తుంది. అయినా నెలకోసారి దించుకోండి, బ్యాటరీ అయిపోయిన సంగతి ఐదో నెలలో తెలిస్తే లాభం లేదు. లాగర్ గడియారం సరిచూసుకుని, పక్కన ఒక నోటుబుక్కు పెట్టండి: ఏసీ వేసిన, ఆపిన వేళలు, కరెంటు పోయిన వేళ, నేల తడిగుడ్డతో తుడిచిన వేళ, బడిపిల్లలు గుంపుగా వచ్చిన రోజు. ఈ పుస్తకం లేని గ్రాఫు అర్థంకాని గీతల కుప్పే.

గ్రాఫులో నెల సగటు చూసి తృప్తిపడొద్దు. పగలు 40, రాత్రి 80 ఉన్నా సగటు 60 అనే వస్తుంది. ఏ వస్తువుకు ఏ హద్దు, ఆ హద్దు దాటి ఎన్ని గంటలు గడిచిందన్నది లెక్కపెట్టండి.

రాగి, కంచు, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిపిన లోహం) నాణేలకు 42 శాతం హద్దు, 35 లోపు ఉంటే నిశ్చింత. మట్టిలోంచి వచ్చిన లోహంలో క్లోరైడు (ఉప్పులో ఉండే పదార్థం) దాగి ఉంటుంది. తేమ పెరగగానే అది లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. పాత గట్టి చిలుముకు భయపడక్కర్లేదు. లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా రాలుతుంటే మాత్రం ఆ నాణేన్ని ఆ రోజే వేరుచేయాలి.

రాక్షస గుళ్లలో (పెద్ద రాళ్లతో కట్టిన ప్రాచీన సమాధుల్లో) దొరికే ఇనుప కత్తులు, బాణపు ములుకులు ఇంకా కష్టం. క్లోరైడు పట్టిన ఇనుము 20 శాతం తేమలో కూడా మెల్లగా తుప్పు పడుతూనే ఉంటుంది. 12 లోపైతే ఆగుతుంది. కోస్తాలో ఏ హాలునూ అంత పొడిగా ఉంచలేం, ఆ ప్రయత్నమే వద్దు. క్లిప్పు మూత ఉన్న పాలీప్రొపిలీన్ డబ్బా (అడుగున త్రికోణంలో 5 అని ఉంటుంది) తీసుకుని, వస్తువుల బరువుకు తక్కువ కాకుండా ఆరిన సిలికా జెల్‌ను చిల్లుల సంచిలో వేసి, తేమ చూపే కార్డు బయటికి కనిపించేలా పెట్టండి. జెల్ రంగును నమ్ముకోవద్దు: చాలా రకాల్లో రంగు మారేసరికి డబ్బాలో తేమ ఇనుము హద్దు దాటిపోయి ఉంటుంది. కార్డులో 10 అని ఉన్న గడి రంగు మారగానే జెల్ మార్చాలి. వాడినదాన్ని ట్రేలో 2 సెంటీమీటర్ల మందాన పరిచి, ఓవెన్‌లో 110 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఉంచి, వేడి తగ్గుతుండగానే మూత బిగించండి. ఆరుబయట చల్లారిస్తే వానాకాలంలో శ్రమంతా వృథా. నీలం రకంలో ఒంటికి మంచిది కాని కోబాల్టు ఉంటుంది, నారింజ రకమే కొనండి.

సీసం నాణేల తీరు వేరు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో దొరికిన శాతవాహన నాణేల్లో ఇవీ ఉన్నాయి. వీటికి తేమకన్నా పెద్ద శత్రువు బీరువా. ప్లైవుడ్, ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమిన పలక) వదిలే ఎసిటిక్ ఆమ్లం తగిలితే సీసం తెల్లటి పొడిగా మారిపోతుంది, లాగర్‌లో అది కనిపించదు. ఇనుప బీరువాలోకి మార్చడమే మందు.

పల్నాటి సున్నపురాయి శిల్పాలకు, ఉప్పు పీల్చిన మట్టి పాత్రలకు 75 దగ్గర జాగ్రత్త. పైకెళ్తే ఉప్పు కరుగుతుంది, కిందికొస్తే రాతి లోపలే గడ్డకట్టి పొరలు రాలుస్తుంది. వీటికి పొడిదనంకన్నా నిలకడ ముఖ్యం. సాయంత్రం 5కి ఏసీ ఆపేసి, తలుపులు తీసే చోట ఇదే రోజూ జరుగుతుంది. బయట 34 డిగ్రీలు, 70 శాతం ఉంటే ఆ గాలి 28 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా చెమ్మ పడుతుంది. ఏసీని రాత్రంతా నడపలేకపోతే పగలూ వేయకపోవడం మేలు, ఫ్యాన్లు చాలు.

షోకేసు ఎంత బిగుతుగా ఉందో గ్రాఫే చెబుతుంది. లోపలి గీత హాలు గీత వెంటే గంటా రెండు గంటల్లో ఎగిరితే సందులున్నట్టు. సందులు మూయడానికి వెనిగర్ వాసన వేసే సిలికాన్ వాడొద్దు, ఆ వాసనే సీసాన్ని తినే ఆమ్లం. న్యూట్రల్ అని ట్యూబు మీద రాసి ఉన్నది తెచ్చి పూసి, వారం రోజులు వస్తువులు పెట్టకుండా తెరిచి ఉంచండి. తర్వాత ఖాళీ షోకేసులో లాగర్ పెట్టి ఇంకో వారం చూశాకే నాణేలు లోపలికి వెళ్లాలి.