నీటి శుద్ధి బురదతో సిమెంట్ ఇటుకలు: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

ఇక్కడ చెప్పేది మంచినీటి శుద్ధి కేంద్రంలో పటిక వేశాక అడుగున చేరే బురద గురించి. మురుగునీటి బురద వేరే సరుకు, దానికి ఈ లెక్కలు పనికిరావు. బురద కలిపిన ప్రతిసారీ, బురద లేని మాల్‌తో కూడా నాలుగు ఇటుకలు పోసి పక్కన పెట్టండి. తప్పు సిమెంట్‌దో బురదదో వాటిని చూస్తే తేలిపోతుంది.

మర్నాటికీ గట్టిపడలేదు

ముందుగా అనుమానించాల్సింది సేంద్రియ పదార్థాన్ని. నాచు, కుళ్లిన ఆకుల నుంచి వచ్చేవి సిమెంట్ రేణువులకు పట్టుకుని, అవి నీటితో కలిసి గట్టిపడకుండా అడ్డుపడతాయి. బురదను 105 డిగ్రీల వేడిలో పూర్తిగా ఆరబెట్టి తూచండి, తర్వాత 550 డిగ్రీల్లో కాల్చి మళ్లీ తూచండి. తగ్గిన బరువంతా సేంద్రియమే అనుకోకూడదు, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌లోని నీరు కూడా ఆవిరైపోతుంది. అందుకే ఒక లోడుకీ ఇంకో లోడుకీ ఎంత తేడా వస్తోందో చూడండి. తేడా పెద్దదైతే బురద పాలు తగ్గించండి, లేదా 600-800 డిగ్రీల్లో కాల్చి, మెత్తగా పొడి చేసి వాడండి. అలా కాల్చితే సేంద్రియం పోవడమే కాదు, అందులోని బంకమన్ను సిమెంట్‌తో కలిసి పనిచేసే పొడిగా మారుతుంది.

28 రోజులకూ బలం రాలేదు

చాలాచోట్ల అసలు దొంగ లెక్కలోకి రాని నీరు. నీరు పిండేసి తెచ్చిన బురదలోనూ 75 శాతం నీరు ఉండొచ్చు. 50 కిలోల సిమెంట్‌కి 5 కిలోల పొడి బురద కావాలంటే అలాంటి ముద్ద 20 కిలోలు వేయాలి. దాంతోపాటు 15 లీటర్ల నీరు వచ్చి పడుతుంది! మొత్తం 25 లీటర్లు పోయాలనుకున్న మాల్‌లో ఇంకా పోయాల్సింది 10 లీటర్లే. ప్రతి లోడుకీ తేమ కొలవండి. కాల్చని బురదైతే సిమెంట్ బరువులో 5 శాతంతో మొదలుపెట్టండి.

మాల్ త్వరగా బిర్రుగా అవుతోంది

ఎండిన బురద నీటిని పీల్చేస్తుంది. అదనంగా నీళ్లు పోయకండి, నీరు పెంచకుండానే మాల్‌ను జారుగా చేసే సూపర్ ప్లాస్టిసైజర్ అనే మందు వేయండి.

లోపలి ఇనుము తుప్పు పడుతోంది

శుద్ధికి పటికకు బదులు ఫెర్రిక్ క్లోరైడ్ గానీ పాలీ అల్యూమినియం క్లోరైడ్ గానీ వాడారేమో అడగండి. బురదలో మిగిలిన క్లోరైడే కారణం కావచ్చు. ఇలాంటి బురదను ఇనుము లేని పేవర్లకూ, ఇటుకలకూ పరిమితం చేయడమే మంచిది.

ఇటుక గట్టిగానే ఉంది, మరి సురక్షితమేనా?

బలం పరీక్ష ఈ సంగతి చెప్పదు. నీటిలోని ఆర్సెనిక్, మాంగనీస్ లాంటివి పటికతో పాటు బురదలోకే దిగుతాయి. సిమెంట్ చాలా లోహాలను పట్టి ఉంచుతుంది. కానీ అల్యూమినియం బాగా క్షారంగా ఉన్నచోట మళ్లీ కరగగలదు. కాల్చిన బురదతో ఇంకో చిక్కుంది: క్రోమియం ఉంటే, గాలి తగిలే వేడిలో అది విషపూరితమైన ఆరు వేలెన్సీ రూపంలోకి మారవచ్చు. కాబట్టి పచ్చి బురదకు చేయించిన లీచింగ్ పరీక్షను (నీటిలోకి ఎంత విషం కారుతుందో చూసే పరీక్ష) నమ్ముకోకండి. కాల్చిన పొడికీ, క్యూరింగ్ (తడిపి గట్టిపడనివ్వడం) అయ్యాక పగలగొట్టిన ఇటుకకూ విడివిడిగా చేయించండి. ఫలితం హద్దు దాటితే బురద పాలు తగ్గించి సర్దేయాలని చూడొద్దు, ఆ లోడును పక్కన పెట్టేయండి.