తడిలో, మంచులో మౌంటెన్ బైకింగ్ – 4వ పాఠం: చెట్టు వేరు మీద బ్రేకు వద్దు

పోయిన పాఠంలో తడిలో పట్టు కోసం టైరు గాలి 25 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) నుంచి 22కి తగ్గించమన్నాను. అలా తగ్గించుకుని సియాటెల్ దగ్గర ఇసాక్వాలోని డూతీ హిల్ బైక్ పార్కుకి వెళ్లినవాళ్లలో కొందరు రిమ్ము రాళ్లకు కొట్టుకుంటోందని రాశారు. ఒకరికి మలుపులో టైరు అంచు రిమ్మును వదిలేసి గాలంతా పోయిందట. తప్పు నాదే. ఎంత పెట్టాలో చెప్పాను గానీ ఎక్కడ కొలవాలో చెప్పలేదు.

20 డిగ్రీల గరాజ్‌లో 22 పెట్టిన టైరు, సున్నా డిగ్రీల ట్రెయిల్ (అడవి బాట) మీదికి వెళ్లేసరికి 19న్నరకు దిగుతుంది. చల్లబడితే గాలి ఒత్తిడి తగ్గుతుంది. మీరు తగ్గించింది మూడు, చలి తగ్గించింది రెండున్నర. కుదుపులు ఆపే ముందు ఫోర్కులోనూ గాలే ఉంటుంది, దానిదీ అదే కథ. లోపల 80 ఉంటే బయట 73 దగ్గర ఆగుతుంది, బ్రేకు పట్టగానే ముందుకు కుంగుతుంది. అందుకని కారులోంచి బైకు దించి ఓ అరగంట చలిలో ఉంచండి. తర్వాత గేజ్ పెట్టి చూసి సరిచేసుకోండి. నేను 70 కిలోల మనిషిని. 2.4 అంగుళాల ట్యూబ్‌లెస్ టైర్లకు ముందు 21, వెనక 23 పెడతాను, అదీ పార్కింగ్‌లో కొలిచి.

బట్టలు, మడ్‌గార్డ్ సంగతి వదిలేస్తున్నా. సియాటెల్ వైపు ఒక్క శీతాకాలం గడిపినవాళ్లకు అవి తెలుసు.

ఇక వేర్లు. డగ్లస్ ఫర్ చెట్టు వేరును ఒకసారి దిగి, వంగి చూడండి. టైర్ల కింద నలిగి బెరడు ఊడిపోయి, లోపలి కర్ర నున్నగా తేలి ఉంటుంది. దాని మీద సన్నటి నీటి పొర. కోనేటి మెట్ల మీద పాచి గుర్తుందా? అక్కడ మనం పాదం పూర్తిగా ఆనించి, నిటారుగా, తొందరపడకుండా దిగుతాం. మెట్టు మీద గభాలున ఆగం, పక్కకు తిరగం. ఇక్కడా అంతే.

వేరును అడ్డంగా, తొంభై డిగ్రీలకు దగ్గరగా దాటాలని అందరికీ తెలుసు. అయినా ఎందుకు పడుతున్నారు? ముందు బ్రేకు మీద వేలు బిగిసి ఉండటం వల్ల. "గట్టిగా పట్టలేదండీ, ఊరికే ఆనించాను" అంటారు. ఆ ఆనించడమే పడేస్తుంది. టైరుకు ఉన్న పట్టునే ఆగడానికీ, తిరగడానికీ పంచుకోవాలి. తడి వేరు మీద ఆ పట్టు దాదాపు లేదు. ఉన్న కాస్తా బ్రేకు తినేస్తే చక్రం పక్కకు పోతుంది. వెనక చక్రం జారితే సర్దుకోవచ్చు. ముందుది జారితే సర్దుకునేలోపే భుజం నేలకు తగులుతుంది. టెన్షన్‌లో వేలు దానంతటదే బిగుస్తుంది, అది తెలిసి తీయాలి. ఆగే పనంతా వేరుకు ముందున్న మట్టి మీదే ముగించండి. వేరు మీద చక్రం ఊరికే దొర్లాలి.

చెక్క వంతెనలూ అంతే, పైగా కింద కూడా చలిగాలి ఆడుతుంది కాబట్టి నేల కన్నా ముందే గడ్డకడతాయి. గాజులాంటి మంచు మీద మెత్తటి రబ్బరు పనిచెయ్యదు, మేకుల టైర్లే కావాలి. అవి లేకపోతే దిగి నడవండి. తెల్లవారుజామున గట్టిగా గడ్డకట్టిన నేల బాగుంటుంది. ఎండ తగిలి పై అంగుళం కరిగి కింద గట్టిగానే ఉంటే ఇంటికి వెళ్లిపోండి. నీరు కిందికి ఇంకదు, మీ టైరు చేసిన గాడి అలాగే ఉండిపోతుంది. ట్రెయిల్ వేసినవాళ్లలో ఎక్కువమంది వాలంటీర్లు, వాళ్ల శ్రమను పాడుచేయకూడదు.

అభ్యాసం: వాన పడుతున్న రోజు, కొద్దిపాటి దిగుడులో ఒక్క వేరు చూసుకోండి. దానికి బైకు పొడవంత ముందు ఒక పుల్ల పెట్టండి. పుల్ల దాటాక వేళ్లు బ్రేకు మీద ఉండకూడదు. వరుసగా 30 సార్లు దాటాలి. మధ్యలో ఒక్కసారి వేలు తగిలినా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టండి. నాకు మూడు శనివారాలు పట్టింది. మీకు ఎన్నింటి దగ్గర తప్పిందో రాయండి, వచ్చే పాఠం అక్కడి నుంచి మొదలుపెడతాను.