శనివారం పుదుచ్చేరిలో మునక, రాత్రికి కోడూరులో పడక

ముందే చెప్తున్నా, మా నెల్లూరు బీచ్‌లు మైపాడులోనో కోడూరులోనో స్కూబా (గాలి సిలిండరు కట్టుకుని నీళ్ళ అడుక్కి మునగడం) చేద్దామని మాత్రం అనుకోకండి. పెన్న తెచ్చే ఒండ్రు, అలలు రేపే ఇసుక కలిసి నీళ్ళు మడ్డిగా ఉంటాయి. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులు చేసేవాణ్ణి, మడ్డినీళ్ళ సంగతి నాకు తెలుసు. అందుకే మా క్లబ్ పుదుచ్చేరిలో మునిగి, కోడూరుకొచ్చి పడుకుంటుంది.

ఫిబ్రవరి, మార్చి నెలలు బాగుంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాల కాలం, ఆ ఊసే వద్దు. శుక్రవారం రాత్రి తొమ్మిదికి నెల్లూరులో టెంపో ఎక్కితే తెల్లవారేసరికి పుదుచ్చేరి. జలుబున్న వాళ్ళని మొహమాటపడి ఎక్కించుకోవద్దు. ముక్కు దిబ్బడేస్తే చెవుల్లోకి గాలి పోదు, చెవులు సర్దుకోకపోతే మునగలేరు. ఆస్తమా, గుండె జబ్బు ఉంటే డాక్టర్ సరేనన్నాకే. ముందురోజు రాత్రి మందు బంద్.

మొదటిసారి దిగేవాళ్ళని ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి తీసుకెళ్తాడు, 12 మీటర్లు దాటనివ్వడు. 10 మీటర్ల లోతుకే ఒత్తిడి గట్టు మీద ఉన్నదానికి రెట్టింపు. ముక్కు మూసుకుని మెల్లగా చెవుల్లోకి ఊదుతూ దిగాలి, అదీ మీటరుకోసారి, నొప్పి రాకముందే. నొప్పి మొదలయ్యాక గట్టిగా ఊదితే చెవికే చేటు. కాస్త పైకొచ్చి మళ్ళీ ప్రయత్నించండి. ఊపిరి మాత్రం ఎప్పుడూ బిగబట్టొద్దు. 10 మీటర్ల దగ్గర గుండెల నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఇంకోటి, నేను చేసిన వెధవపని. లోపల ఇన్‌స్ట్రక్టర్ బొటనవేలూ చూపుడువేలూ సున్నాలా కలిపి ‘బాగున్నావా’ అని అడిగాడు. నేను హుషారుగా బొటనవేలు పైకెత్తి చూపించా. నీళ్ళలో దానర్థం ‘పైకి పోదాం’. పాపం, నాకేదో అయిందని పైకి తీసుకొచ్చాడు. మళ్ళీ దిగాక మళ్ళీ అదే చేశా! బండిలో ఉండగానే ఆ సున్నా గుర్తు అందరిచేతా పదిసార్లు చేయించండి.

తిరుగుదారిలో ‘కొండకెళ్ళి దర్శనం చేసుకుందాం’ అనేవాడు ఒకడు ఉంటాడు. మాకూ ఉన్నాడు. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తు. డైవింగ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ పోకుండా ఎత్తుకెళ్తే కీళ్ళు పట్టేయడం నుంచి ప్రాణం మీదకి రావడం దాకా ఏదైనా కావచ్చు. విమానం కూడా ఎక్కకూడదు. 18 గంటలు ఆగమంటారు, మేం ఒక రోజు ఆగుతాం. స్వామి ఎక్కడికీ పోడు కదా.

కోడూరు చేరేసరికి చీకటి పడుతుంది. అందుకని చెవి బాధలుండి మునగని ఇద్దరిని ముందుగానే పంపిస్తాం. వాళ్ళు ముందు పట్టపుపాలెం (చేపలు పట్టేవాళ్ళ పల్లె) పెద్దమనుషులకి చెప్పి, పడవలు దిగే దారి వదిలేసి చోటు చూస్తారు. ఇసుకలో ఎండిన నాచు, గవ్వలు గీతలా పడి ఉంటాయి, పోటు వచ్చేది అందాకా. పౌర్ణమికీ అమావాస్యకీ ఇంకా పైకొస్తుంది, కాబట్టి సరుగుడు తోపు వైపు బాగా జరగండి.

టెంట్‌తో వచ్చే ఇనప మేకులు ఇసుకలో నిలవవు. ఓసారి రాత్రి రెండింటికి గాలికి టెంటు లేచి మా మీదే పడింది. అప్పట్నుంచి ఖాళీ రొయ్యల మేత సంచులు తీసుకెళ్తున్నాం. సంచిలో సగానికి ఇసుక నింపి, మూతి కట్టి, సంచి నడుముకి టెంటు తాడు బిగించి మోకాలి లోతున పూడుస్తాం. తాడుని ఎంత లాగినా కదలదు.

మంట వెయ్యం. ఆ నెలల్లో తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, వెలుగు చూస్తే బెదిరి వెనక్కి పోతాయి. టార్చికి ఎర్రకాగితం చుట్టి నేలకేసి పట్టుకుంటాం. వంట ఎలాగూ అక్కర్లేదు, శుక్రవారం రాత్రి కాచిన చేపల పులుసు క్యారియర్లో ఉంటుంది. నెల్లూరు పులుసు మర్నాటికే కదా అసలు రుచి! అన్నం మాత్రం వేడిగా దొరకదు.