గొర్రె దాటాక చూలు నిలవాలంటే ఏం చేయాలి?

పొట్టేలు గొర్రెను దాటగానే, అంటే జతకట్టగానే, పని అయిపోయిందనుకుంటారు చాలామంది. చూలు నిలిచేదీ, పోయేదీ ఎక్కువగా ఆ తర్వాతి మూడు వారాల్లోనే.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. పాతిక, ముప్పై గొర్రెలకు ఒక పొట్టేలు, కాస్త జాజు (ఎర్రమట్టి పొడి), నూనె, ఒక నోటుపుస్తకం. పొట్టేలును వదలడానికి మూడు వారాల ముందే నట్టల మందు తాపేసి, రోజుకు తలా పావు కిలో జొన్నలు పెట్టండి. జాజును నూనెలో కలిపి పొట్టేలు రొమ్ముకు పూస్తే, దాటిన గొర్రె నడుము మీద మరక పడుతుంది. ఆ తేదీ రాసుకోండి. తెల్లటి నెల్లూరు జోడిపి జాతి మీద జాజు బాగా కనబడుతుంది, నల్లటి దక్కనీ జాతికి మాత్రం పసుపు రంగు వాడాలి. ఎదకు తెచ్చే ఇంజెక్షన్ల గురించి అడుగుతుంటారు. తేదీ రాసే అలవాటు లేని మందకు అవి దండగ.

ఇక అసలు కష్టం. నాలుగైదు రోజులకు పిండం గర్భసంచిలోకి దిగుతుంది, కానీ 16వ రోజు దాకా గోడకు అతుక్కోదు. అన్నాళ్లూ దాని తిండి గర్భసంచి గ్రంథులు ఊరించే ద్రవమే. అందులోని ప్రోటీన్లతోనే 12వ రోజు నుంచి గుండ్రటి పిండం దారంలా సాగి, 17వ రోజుకు జానెడవుతుంది. సాగుతూ ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రోటీన్‌ను వదులుతుంది. తల్లికి చూలు సంగతి తెలిసేది దాంతోనే. అది చాలినంత అందకపోతే గొర్రె 17వ రోజుకల్లా మళ్లీ ఎదకొస్తుంది. ఆస్టియోపాంటిన్ అనే మరో ప్రోటీన్ పిండం గోడకు అతుక్కోవడానికి తోడ్పడుతుంది. అమెరికాలోని టెక్సాస్‌లో, పుట్టినప్పటి నుంచే హార్మోన్ ఇచ్చి ఆ గ్రంథులు పెరగకుండా చేసిన గొర్రెలను పరీక్షించారు. పిండాలు సాగలేదు, చూలు నిలవలేదు.

ఆ గ్రంథులను నడిపేది ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్. మేత ఒక్కసారిగా పెంచితే కాలేయం ఆ హార్మోన్‌ను రక్తంలోంచి త్వరగా తీసేస్తుంది. అందుకే దాటిన రోజు నుంచి దాణా మెల్లగా తగ్గించి మామూలు మేతకు తేవాలి. చూలు గొర్రె కదా అని తవుడు గంపలకొద్దీ పోయకండి. అలాగని పస్తు పెట్టినా నష్టమే. నెలరోజులు ఒకే మేత, ఒకే దొడ్డి. సంతకు తోలకండి, బొచ్చు కత్తిరించకండి, కుక్కలతో తరిమించకండి, మిట్టమధ్యాహ్నం చెట్టునీడ తప్పించకండి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఒకటుంది. ఊళ్లో నట్టల మందు వేస్తున్నారని తెలియగానే దాటిన గొర్రెలను కూడా మందతోపాటు తోలుకెళ్తారు. అందులో అల్బెండజోల్ ఉంటే పిండం చచ్చిపోవచ్చు, అవకరాలతో పిల్లలు పుట్టొచ్చు. చివరి గొర్రె దాటిన 35 రోజుల దాకా అది తాపనే కూడదు. ఈలోగా నట్టలు మరీ ఎక్కువైతే తేదీల పుస్తకం పశువైద్యుడికి చూపించి, చూలుకు హాని చేయని మందే అడగండి.

పొట్టేలును వదిలి 16 రోజులు కాగానే దాని రొమ్ముకు రంగు మార్చండి. కొత్త మరక పడితే ఆ గొర్రెకు చూలు నిలవలేదన్నమాట. ఒకటీ రెండూ అయితే దిగులు అక్కర్లేదు. మందలో నాలుగో వంతుకు మించితే ముందు మేత చూడండి, ఆ తర్వాతే పొట్టేలును అనుమానించండి. 40 రోజులు దాటాక స్కానింగ్ చేయించి, చూలు నిలవనివాటిని వేరే దొడ్డిలో కట్టండి.