ఇంటికో సెన్సర్ – 4వ పాఠం: డాబా మీది ట్యాంకులో ఎన్ని లీటర్లున్నాయి?

గత పాఠంలో ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలర్ బోర్డును ఇంటి వైఫైకి కలిపాం. రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద మస్కిటో బ్రోకర్ (బోర్డు పంపే అంకెలను అందుకుని ఫోనుకు చేరవేసే ప్రోగ్రాము) పెట్టి, గది ఉష్ణోగ్రతను ఫోనులో చూశాం. ఈసారి ఆ బోర్డును మేడెక్కిద్దాం. ఈ పాఠంలో ట్యాంకు మట్టం కొలవడం మాత్రమే ఉంటుంది. మోటారును దానంతటదే వేయించి ఆపించడం వచ్చే పాఠంలో. రెండూ ఒకే పూట పూర్తి చేయాలని చాలామందికి ఉబలాటం ఉంటుంది. కానీ తప్పు అంకె ఫోనులో కనిపిస్తే మనం చూసి ఊరుకుంటాం. అదే అంకె మోటారు చేతికి వెళితే ఖాళీ సంపు మీద మోటారు గంటలకొద్దీ తిరిగి సీలు కాలిపోతుంది. కొలత మీద నమ్మకం కుదిరేదాకా స్టార్టరు డబ్బా మూత తీయకండి.

సామాను

ఈఎస్‌పీ32 బోర్డు ఒకటి. జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ అనే నీళ్లకు తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఒకటి. దీని కన్ను విడిగా, రెండున్నర మీటర్ల కేబుల్ చివర ఉంటుంది. 1 కిలోఓమ్ రెసిస్టర్లు మూడు, 4.7 కిలోఓమ్‌ది ఒకటి, డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సర్, 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, పక్కకు బిగించే ఫ్లోట్ స్విచ్, 5 వోల్టుల 2 ఆంపియర్ల చార్జర్, దుమ్ము, వాన జల్లు లోపలికి రానివ్వని ఐపీ65 రకం ప్లాస్టిక్ డబ్బా, తీగ దూరే చోట బిగించే కేబుల్ గ్లాండ్లు మూడు.

రెండు కళ్లుండే చవకరకం హెచ్‌సీ-ఎస్ఆర్04 ఇంట్లో ఉంటే దాన్ని బల్ల మీద సాధనకు వాడుకోండి, ట్యాంకులో వద్దు. మూత కింద రాత్రి చేరే చెమ్మ ఆ జాలీల మీద బొట్లుగా నిలుస్తుంది, కొన్నాళ్లకే కొలతలు పిచ్చిపట్టినట్టు ఎగురుతాయి.

తీగలు కలపడం

సెన్సరుకు 5 వోల్టులు బోర్డు మీది విన్ పిన్ను నుంచి ఇవ్వండి. శబ్దం పంపమని చెప్పే తీగ ట్రిగ్ 25వ పిన్నుకు, ప్రతిధ్వని వచ్చిందని చెప్పే తీగ ఎకో 26వ పిన్నుకు వెళతాయి. ఎకోను మాత్రం నేరుగా పెట్టకూడదు. అది 5 వోల్టుల సంకేతం, ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులకే తయారైంది. ఎకో తీగకూ 26వ పిన్నుకూ మధ్య ఒక 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టండి. మిగిలిన రెండింటిని ఒకదాని వెనుక ఒకటి కలిపి, 26వ పిన్ను నుంచి గ్రౌండుకు వేయండి. 5 వోల్టుల్లో మూడింట రెండు వంతులు, అంటే 3.3 వోల్టులు మాత్రమే పిన్నుకు అందుతాయి. రెసిస్టర్లు లేకుండానే పనిచేసిందని కొందరు వదిలేస్తారు. ఆరోజుకు పనిచేస్తుంది, పిన్ను మాత్రం లోలోపల దెబ్బతింటూ ఉంటుంది.

ఉష్ణోగ్రత సెన్సర్ డేటా తీగ 27కు. ఆ తీగకూ 3.3 వోల్టులకూ మధ్య 4.7 కిలోఓమ్. ఫ్లోట్ స్విచ్ ఒక కొస 33కు, రెండో కొస గ్రౌండుకు. ప్రోగ్రాములో ఆ పిన్నుకు లోపలి పుల్-అప్ (స్విచ్ తెరిచి ఉన్నప్పుడు పిన్నును 3.3 వోల్టుల దగ్గర నిలిపే రెసిస్టర్) ఆన్ చేయాలి. ఖాళీగా ఉన్నాయని 34 నుంచి 39 దాకా ఉన్న పిన్నులు ఎంచుకోకండి, వాటికి లోపలి పుల్-అప్ లేదు. 12వ పిన్ను జోలికీ వద్దు. బోర్డు లేచే క్షణంలో దాని మీద 3.3 వోల్టులుంటే బోర్డు లేవదు.

విన్‌కూ గ్రౌండుకూ మధ్య 470 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ పెట్టండి, ప్లస్ మైనస్ చూసుకుని. వైఫై పంపే క్షణంలో బోర్డు లాగే కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది. సన్నటి యూఎస్‌బీ తీగ ఉంటే వోల్టేజీ కుంగి బోర్డు మళ్లీ మళ్లీ మొదలవుతుంది. సీరియల్ మానిటర్లో ‘బ్రౌన్‌అవుట్’ అన్న మాట కనిపిస్తే ప్రోగ్రాములో తప్పు వెతక్కండి, తీగ మార్చండి.

ఎక్కడ బిగించాలి

ఈ పాఠంలో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. జేఎస్ఎన్ సెన్సరుకు ముఖం ముందు దాదాపు 25 సెంటీమీటర్లు గుడ్డి జాగా. నీళ్లు అంతకన్నా దగ్గరికి వస్తే అంకె ఒకచోట ఆగిపోతుంది, లేదా గోడ తాకి వచ్చిన ప్రతిధ్వనిని పట్టుకుని ఏదో చెబుతుంది. నిండిన ట్యాంకులో నీళ్లకూ మూతకూ మధ్య ఒక జానెడు కూడా ఉండదు. అంటే అసలు జాగ్రత్త కావలసిన చోటే, నీళ్లు పొర్లబోయే వేళకే, దీనికి కళ్లు కనబడవు. అందుకే ఫ్లోట్ స్విచ్ తెమ్మన్నాం. దాన్ని ఓవర్‌ఫ్లో పైపుకు నాలుగు వేళ్ల కింద బిగించండి. నిండిందా లేదా అన్నది ఆ స్విచ్ చెప్పాలి, ఎన్ని లీటర్లున్నాయన్నది సెన్సర్ చెప్పాలి. ఖర్చుకు వెనుకాడకపోతే 3 సెంటీమీటర్ల నుంచే కొలిచి, అంకెను సీరియల్ తీగ మీద పంపే రకాలు దొరుకుతాయి. అవి వాడినా ఫ్లోట్ స్విచ్ ఉంచండి.

సెన్సరును పైకి లేపితే గుడ్డి జాగా తప్పుతుందని నాలుగంగుళాల పీవీసీ గొట్టం ముక్కలో దింపేవాళ్లున్నారు. ఈ సెన్సర్ శబ్దం వెడల్పుగా విచ్చుకుంటుంది. గొట్టం అంచు తగిలి మొదటి ప్రతిధ్వని అక్కడి నుంచే వచ్చేస్తుంది. మూత మధ్యలో రంధ్రం చేసి, ముఖం నీళ్లకు నిలువుగా ఉండేలా బిగించడమే మేలు. నీళ్లు పడే గొట్టానికి ఎంత దూరముంటే అంత మంచిది, ఆ ధార కదిలించే నీళ్ల మీద ప్రతిధ్వని చెదిరిపోతుంది.

డబ్బాను ట్యాంకు నీడ పడే వైపు పెట్టి, తీగలన్నీ అడుగు నుంచే లోపలికి రానివ్వండి. గ్లాండుకు ముందు తీగను కొంచెం కిందికి వేలాడేలా వంపు తిప్పితే వాన నీరు అక్కడే కారిపోతుంది. భీమిలి దాటాక భోగాపురం నుంచి కళింగపట్నం, సోంపేట, ఇచ్ఛాపురం దాకా తీరం పొడవునా ఉప్పుగాలి. గుచ్చి వదిలేసే జంపర్ తీగలు అక్కడ కొన్ని నెలల్లోనే పచ్చగా చిలుము పడతాయి. ప్రతి అతుకూ సోల్డర్ చేసి పైన హీట్ ష్రింక్ గొట్టం తొడగండి.

కాలం నుంచి లీటర్లకు

ట్రిగ్ పిన్నును 20 మైక్రోసెకన్లు ఎత్తి దించితే సెన్సర్ శబ్దం పంపుతుంది. ఎకో ఎంతసేపు ఎత్తుగా ఉందో ఆ కాలాన్ని శబ్దవేగంతో గుణించి సగం చేస్తే దూరం వస్తుంది. ఇంటర్నెట్‌లో దొరికే ప్రోగ్రాములన్నీ శబ్దవేగం సెకనుకు 343 మీటర్లని రాసేస్తాయి. అది 20 డిగ్రీల గాలికి సరిపోయే లెక్క. మన ఎండలకు సరిపోదు. సూత్రం ఇది: వేగం = 331.3 + 0.606 × ఉష్ణోగ్రత. 40 డిగ్రీల దగ్గర 355.5 వస్తుంది, అంటే మూడున్నర శాతం తేడా. దూరం తక్కువగా కనిపించి, నీళ్లు ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. ట్యాంకు దాదాపు ఖాళీ అయి దూరం 110 సెంటీమీటర్లున్నప్పుడు ఈ తప్పు 3.9 సెంటీమీటర్లు, మామూలు వెయ్యి లీటర్ల ట్యాంకులో ముప్పై లీటర్లకు పైనే. మిట్టమధ్యాహ్నం, నీళ్లు అడుగంటిన వేళ, లేని రెండు బిందెలు ఉన్నాయని చెబుతుందన్నమాట. అందుకే మూత కింద ఉష్ణోగ్రత సెన్సర్ వేలాడదీయడం.

ఒక్క కొలత మీద ఆధారపడకండి. 60 మిల్లీసెకన్ల విరామంతో ఏడు కొలతలు తీసి, చిన్నది నుంచి పెద్దదానికి పేర్చి, నాలుగోది తీసుకోండి. సగటు ఎందుకు కాదంటే, 62, 63, 62, 25, 63, 62, 140 అని వచ్చాయనుకోండి. సగటు 68. మధ్య అంకె 62. దారితప్పిన రెండు ప్రతిధ్వనులు సగటును లాగేశాయి, మధ్య అంకెను కదపలేకపోయాయి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఎకో ఎంతసేపు ఎత్తుగా ఉందో కొలిచేది ‘పల్స్ఇన్’ ఆదేశం. ప్రతిధ్వని రాకపోతే అది సున్నా ఇస్తుంది. ఆ సున్నాను దూరంగా లెక్కేస్తే నీళ్లు సెన్సర్ ముఖానికి తాకుతున్నట్టు, ట్యాంకు పొంగుతున్నట్టు తేలుతుంది. తీగ తెగిన సెన్సర్ ‘నిండింది’ అని చెబుతుంది, ఇంట్లోవాళ్లు ధీమాగా ఉంటారు, కుళాయి తిప్పితే గాలి. సున్నా వస్తే ఆ కొలతను పారేయండి. ఏడింటిలో నాలుగు సున్నాలైతే లీటర్ల బదులు ‘కొలత లేదు’ అని పంపండి. సమయ పరిమితి 30,000 మైక్రోసెకన్లు చాలు, అది ఐదు మీటర్ల దూరానికి సరిపోతుంది.

ఇప్పుడు లీటర్లు. సెన్సర్ ముఖం నుంచి ట్యాంకు అడుగు దాకా ఉన్న లోతును ప్రోగ్రాములో రాసుకోండి. అందులోంచి దూరాన్ని తీసేస్తే నీళ్ల ఎత్తు. దాన్ని సెంటీమీటరుకు ఎన్ని లీటర్లో ఆ అంకెతో గుణించాలి. ఆ అంకె కోసం టేపుతో ట్యాంకు చుట్టుకొలత సెంటీమీటర్లలో తీయండి. దాన్ని దానితోనే గుణించి 12,566తో భాగిస్తే ఒక్కో సెంటీమీటరు ఎత్తుకు ఎన్ని లీటర్లో వస్తుంది. 340 సెంటీమీటర్ల చుట్టుకొలతకు 9.2. గోడ మందం, ఉబ్బెత్తు చారలు ఈ అంకెను కొంచెం పెంచుతాయి కాబట్టి బకెట్‌తో సరిచూడాలి. అన్ని కుళాయిలూ కట్టేసి, 20 లీటర్ల బకెట్‌తో ఐదుసార్లు పోయండి. దూరం 10.9 సెంటీమీటర్లు తగ్గితే లెక్క సరే. 11.2 తగ్గితే మీ అంకె 8.9, ప్రోగ్రాములో అదే రాసుకోండి.

ఫోనుకు పంపడం

నిమిషానికోసారి, లేదా మట్టం 2 సెంటీమీటర్లు మారినప్పుడు పంపితే చాలు. రిటెయిన్ (చివరి అంకెను బ్రోకర్ దాచి ఉంచే గుర్తు) పెట్టి పంపితే ఫోను తెరవగానే చివరి అంకె కనిపిస్తుంది. దీనిలో ఒక చిక్కుంది. బోర్డు రెండు రోజుల కింద ఆగిపోయినా ఆ పాత అంకే తాజాగా ఉన్నట్టు కనిపిస్తూ ఉంటుంది. విరుగుడు ‘లాస్ట్ విల్’. బ్రోకరుకు కలిసేటప్పుడే, నేను మాట్లాడకుండా పోతే ‘ఆగింది’ అని చాటు అని బోర్డు చెప్పి ఉంచుతుంది. బోర్డు ఎంతసేపటికోసారి పలకాలో చెప్పే గడువు, కీప్-అలైవ్, 60 సెకన్లయితే, 90 సెకన్ల మౌనం తర్వాత బ్రోకర్ ఆ మాట పంపుతుంది. ఫోను తెరమీద లీటర్ల పక్కనే ఈ స్థితినీ పెట్టండి.

బ్రోకర్ ఇంట్లోనే ఎందుకు, ఉచిత క్లౌడ్ ఉంది కదా అనిపించవచ్చు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో స్తంభాలు కూలి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఇన్వర్టర్ మీద ఇంటి వైఫై, బ్రోకర్, సెన్సర్ మూడూ నడిస్తే బయటి నెట్ లేకున్నా మిగిలిన నీళ్ల లెక్క తెలుస్తుంది. నీళ్లు ఎక్కించే దారి లేని రోజునే ఆ లెక్క ఎక్కువ అవసరం.

వైఫై గురించి ఒక్క మాట. ఈఎస్‌పీ32కు 2.4 గిగాహెర్ట్జ్ తప్ప 5 గిగాహెర్ట్జ్ కనబడదు. స్లాబు దాటాక సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలమానం, సున్నాకు దగ్గరైతే బలం ఎక్కువ) కన్నా బలంగా ఉంటే నిశ్చింత. మైనస్ 80 దగ్గరుంటే రూటరును మెట్ల దగ్గరికి జరపండి.

ఇంటిపని

వారం రోజులు రోజుకు మూడుసార్లు, తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి, మేడెక్కి కర్రతో నీళ్ల లోతు కొలిచి, అదే నిమిషం ఫోనులోని అంకెనూ పక్కన రాయండి. తేడా 2 సెంటీమీటర్లు దాటిన వరసల కింద గీత పెట్టండి. మధ్యాహ్నం వరసలే తప్పితే ఉష్ణోగ్రత సెన్సర్ అతుకు చూడండి. నీళ్లు ఎక్కేటప్పుడే తప్పితే సెన్సరును ధారకు దూరంగా జరపండి. అన్ని వేళలా ఒకే అంత తప్పితే ప్రోగ్రాములో రాసిన ట్యాంకు లోతు తప్పు. ఒకరోజు కావాలనే సెన్సర్ తీగ పీకి ఫోనులో ఏం వస్తుందో కూడా రాయండి. ఆ కాగితం దగ్గర పెట్టుకుని 5వ పాఠం మొదలుపెడదాం. దానికి మీ మోటారు పలక మీదున్న హార్స్‌పవర్, ఆంపియర్లు రాసుకు రావాలి, మోటారు కరెంటును వేసి ఆపే పెద్ద స్విచ్, కాంటాక్టరు, ఎంపిక వాటి మీదే ఆధారపడుతుంది.