గ్లేసియర్ ఎప్పుడు ముందుకొచ్చిందో రాళ్లని చూసి పట్టుకోవడం ఎలా

మంచు యుగం అయిపోయాక గ్లేసియర్లు, అంటే కొండల మీంచి మెల్లగా కిందకి జారే మంచు నదులు, కరుగుతూనే వచ్చాయి అనుకుంటారు చాలామంది, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కాదు. 11,700 ఏళ్ల కిందట అది ముగిశాక కొన్ని వేల ఏళ్లు బాగా వెచ్చగా ఉండి, నార్వేలో గ్లేసియర్లు చాలావరకు మాయమైపోయి, సుమారు 5,000 ఏళ్ల కిందట్నుంచి మళ్లీ పుట్టి లోయల్లోకి దిగడం మొదలుపెట్టాయి. దీన్నే నియోగ్లేసియేషన్ అంటారు.

కారణం చలికాలంలో వెతక్కండి, అక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. చలికాలంలో మంచు ఎలాగూ పడుతుంది, ఆ మంచుని వేసవి కరిగించగలిగిందా లేదా అన్నదే లెక్క. 11,000 ఏళ్ల కిందట ఉత్తరార్ధగోళపు వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా ఉండేది, ఇప్పుడేమో జనవరి మొదట్లో దగ్గరగా వస్తోంది, పైగా భూమి వంపు కూడా 24 డిగ్రీల పైనుంచి 23.4కి తగ్గింది, దాంతో ఉత్తరాన వేసవి ఎండ వేల ఏళ్లపాటు మెల్లమెల్లగా పల్చబడింది.

ఇక పని మొదలెడదాం. ముందు శాటిలైట్ మ్యాప్‌లో గ్లేసియర్ మూతి, అంటే దాని కింది కొస, దగ్గర్నుంచి కిందకి చూస్తూ రండి, లోయకి అడ్డంగా విల్లులా వంగిన రాళ్ల గట్టు కనిపిస్తే అది మొరైన్, అంటే మంచు తోసుకొచ్చి పడేసిన చెత్త. మూతి ఒకప్పుడు అక్కడిదాకా వచ్చిందన్నమాట.

తర్వాత దాని వయసు. చవకైన పద్ధతి లైకెన్, అంటే శిలీంధ్రమూ నాచూ కలిసి రాళ్ల మీద పెరిగే పొర. రాళ్ల మీద పసుపుపచ్చగా మ్యాప్‌లా పరుచుకునే రైజోకార్పాన్ అనే లైకెన్ ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగదు, కాబట్టి గట్టు మీద అన్నిటికంటే పెద్ద మచ్చల్ని కొలిస్తే ఆ రాళ్లు ఎన్నాళ్లుగా కదలకుండా ఉన్నాయో అంచనా దొరుకుతుంది. కానీ పెరిగే స్పీడు చోటుని బట్టి మారిపోతుంది, వేరే దేశం లెక్క తెచ్చి ఇక్కడ పెడితే మొత్తం తప్పే. తేదీ ముందే తెలిసిన రాయి ఒకటి కావాలి: పాత సమాధి రాయో, వంతెనో, లేదా నార్వేలోని నిగార్డ్స్‌బ్రీన్ లాంటి గ్లేసియరో. అది 1743లో ఒక పొలాన్నీ ఇళ్లనీ నలిపేసి, 1748లో ఆగింది, రికార్డులున్నాయి, కాబట్టి ఆ గట్టు మీది లైకెన్ ఆ చుట్టుపక్కలకి స్కేలులా పనికొస్తుంది.

చెట్టు మొద్దు దొరికితే ఇంకా మంచిది. అలాస్కాలో మెండెన్‌హాల్ గ్లేసియర్ వెనక్కి తగ్గుతుంటే కింద్నుంచి పాత అడవి మొద్దులు బయటపడ్డాయి. వేళ్లు నేలలోనే ఉండి నిటారుగా నిలబడ్డ మొద్దునే తీసుకోండి, కొట్టుకొచ్చిన దుంగ ఎక్కడిదో ఎవడికి తెలుసు. రేడియోకార్బన్‌కి, అంటే చెక్కలో మిగిలిన కార్బన్-14 కొలిచి వయసు చెప్పే పరీక్షకి, బయటి వలయమే పంపాలి, చెట్టు చచ్చిన కాలం అక్కడే ఉంటుంది, లోపలిది పంపితే చెట్టు చిన్నప్పటి వయసొస్తుంది. రాయి బయటపడి ఉన్నన్నాళ్లూ కాస్మిక్ కిరణాల వల్ల అందులో పేరుకునే బెరీలియం-10ని కొలిచే పద్ధతి కూడా ఉంది గానీ దానికి ల్యాబ్ కావాలి, ఒక్క రాయిని నమ్మకూడదు, తర్వాత దొర్లిన రాయి అయితే తక్కువ వయసు చూపిస్తుంది.

పాత పేపర్లు చదివేటప్పుడు ఒకటి చూసుకోండి. లిటిల్ ఐస్ ఏజ్ అనే మాటని 1939లో మాథెస్ అనే భూవిజ్ఞాని వాడింది దాదాపు గత 4,000 ఏళ్ల చల్లదనానికి, ఇప్పుడు సుమారు 1300 నుంచి 1850 వరకే అంటున్నారు.

అసలు చిక్కు ఏంటంటే చివరిసారి వచ్చిన మంచు అంతకుముందు గట్లన్నిటినీ బుల్డోజర్‌లా తుడిచేసుకుంటూ పోతుంది. చాలాచోట్ల ఆ చివరి రాకే అన్నిటికంటే పెద్దది, అందుకే గట్టు ఒక్కటే ఉంది కాబట్టి ఒక్కసారే వచ్చింది అని రాసేయకండి. దిగువన సరస్సు ఉంటే దాని అడుగు మట్టి చూడాలి, గ్లేసియర్ రాతిని నూరిన బూడిదరంగు పిండి అక్కడ పొరలుగా దిగుతుంది, మంచు పెరిగినప్పుడు మామూలుగా అది ఎక్కువవుతుంది, దాన్నెవరూ తుడవలేరు. ఆ ప్రాంతంలో ఇంకో నాలుగు గ్లేసియర్లు కూడా అదే టైంలో కదిలాయో లేదో చూసుకున్నాకే వాతావరణం పేరు ఎత్తండి, ఎందుకంటే సముద్రంలోకి దిగే గ్లేసియర్లూ, ఉన్నట్టుండి ఉరికే రకాలూ ఎండతో సంబంధం లేకుండా కూడా ముందుకొస్తాయి.