తెరచాప నౌకలో ఉష్ణమండల దీవుల విహారం: తీరికైన యాత్రను రూపొందించుకోవడం ఎలా?

తెరచాప నౌకలో దీవుల విహారానికి వెళ్ళదలచినవారు సాధారణంగా మొదట లెక్కపెట్టేది ఎన్ని దీవులు చూపిస్తారన్నదే. విశ్రాంతి కోసం వెళ్ళేవారు లెక్కపెట్టవలసినది మాత్రం ఆ దీవుల మధ్య ఉన్న దూరాలను. తెరచాపల మీద నడిచే నౌక మంచి గాలిలో గంటకు సుమారు 5 నుంచి 8 నాటికల్ మైళ్ళు పోతుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు, పటం మీద వేలెడంత కనిపించే 40 నాటికల్ మైళ్ళ దూరానికి ఆరేడు గంటలు పడుతుందన్నమాట. వారం రోజుల్లో ఏడు దీవులు చూపిస్తామనే యాత్రలో ప్రతి ఉదయం తొందరగా లంగరెత్తడం, గాలి తగ్గితే ఇంజిన్ వేసి సాయంత్రానికి ఎలాగైనా చేరుకోవడం తప్పవు. అదే వారాన్ని మూడు నాలుగు మజిలీలకు కేటాయించి, పగటి ప్రయాణం మూడు నాలుగు గంటలు మించకుండా చూసుకుని, ఏ కార్యక్రమమూ లేని రోజులు కనీసం రెండు ఉంచుకుంటే తెరచాప నౌక ఇవ్వగలిగిన సుఖం పూర్తిగా దక్కుతుంది. కింద చెప్పబోయే ఏర్పాట్లన్నీ ఈ ఒక్క ఉద్దేశంతోనే చెబుతున్నాను.

ప్రాంతమూ కాలమూ కలిపి ఎంచుకోవాలి

ఉష్ణమండల సముద్రాల్లో ఏడాది పొడవునా వెచ్చగానే ఉంటుంది కాబట్టి ఎప్పుడు వెళ్ళినా ఒకటేనని అనుకోకూడదు. అక్కడ ఋతువులను నిర్ణయించేది ఎండ కాదు, గాలి. కరిబియన్ సముద్రంలో ఈశాన్య వ్యాపార పవనాలు దాదాపు నిలకడగా వీస్తాయి. అయితే అట్లాంటిక్ హరికేన్ల కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు ఉంటుంది, అందులోనూ ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల వరకు ప్రమాదం ఎక్కువ. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు యాత్రల కాలమే కానీ, డిసెంబరు ఆఖరు, జనవరి నెలల్లో ఆ పవనాలు బలంగా వీచే రోజులు చాలా ఉంటాయి. నౌకాయానంలో అనుభవం ఉన్నవారికి అది పండుగ. మొదటిసారి వెళ్ళేవారు, పిల్లలతోనో పెద్దవారితోనో వెళ్ళేవారు మార్చి, ఏప్రిల్ నెలలను ఎంచుకోవడం మేలు.

హిందూ మహాసముద్రంలోని సేషెల్స్‌లో మే నుంచి సెప్టెంబరు వరకు ఆగ్నేయ పవనాలు, డిసెంబరు నుంచి మార్చి వరకు వాయవ్య పవనాలు వీస్తాయి. ఆ రెండింటి మధ్య ఏప్రిల్, అక్టోబరు నెలల ప్రాంతంలో సముద్రం శాంతంగా, నీరు తేటగా ఉంటుంది కానీ, గాలి తక్కువ కాబట్టి ఇంజిన్ చప్పుడు కాస్త భరించాలి. థాయిలాండ్ పశ్చిమ తీరంలో, ఫుకెట్ చుట్టుపక్కల, నవంబరు నుంచి ఏప్రిల్ వరకు అనుకూలం. తరువాత వచ్చే నైరుతి ఋతుపవనాల కాలంలో సిమిలన్ దీవుల జాతీయ ఉద్యానాన్ని సందర్శకులకు మూసివేస్తారు. దక్షిణ పసిఫిక్‌లో తుపానుల కాలం నవంబరు నుంచి ఏప్రిల్ వరకు కాబట్టి ఫ్రెంచ్ పాలినీషియాకు మే, అక్టోబరు నెలల మధ్య వెళ్ళాలి.

ప్రాంతాన్ని ఎంచుకున్న తరువాత, ఆ దీవుల వరుస గాలికి ఎలా అమరి ఉందో పటంలో చూడాలి. కరిబియన్‌లో సెయింట్ విన్సెంట్ నుంచి బెక్వే, కానువాన్, మేరో, టొబాగో కీస్, యూనియన్ ఐలాండ్ మీదుగా గ్రెనడా వరకు సాగే గ్రెనడీన్స్ దీవులు ఇందుకు మంచి ఉదాహరణ. అవి ఉత్తరం నుంచి దక్షిణంగా, కొంచెం పడమరకు వాలి ఉన్నాయి, గాలి తూర్పు దిక్కుల నుంచి వస్తుంది. అందువల్ల ఉత్తరాన ఎక్కి దక్షిణాన దిగే యాత్రలో గాలి పక్క నుంచో వెనుక పక్క నుంచో తోడై వస్తుంది. అదే దారిన తిరిగి ఉత్తరానికి పోవాలంటే గాలికి దాదాపు ఎదురుగా, నౌక బాగా ఒరిగి, నీటి తుంపరలు డెక్ మీద పడుతూ పోవలసివస్తుంది. ఖర్చు కొంత ఎక్కువైనా ఒక దీవిలో ఎక్కి మరో దీవిలో దిగే మార్గం దొరికితే దానినే తీసుకోవాలని నా గట్టి సలహా.

పెద్ద దీవుల మధ్య ఉన్న జలసంధులు మరొక సంగతి. దీవికి పడమటి వైపున, అంటే గాలి చాటున, సముద్రం చెరువులా ఉంటుంది. సెయింట్ లూషియా, సెయింట్ విన్సెంట్ దీవుల మధ్య ఉన్నటువంటి జలసంధిలోకి రాగానే అట్లాంటిక్ అలలన్నీ అడ్డులేకుండా వచ్చి తగులుతాయి. మార్గంలో ఇలాంటి దాటులు ఎన్ని ఉన్నాయో ముందే అడిగి తెలుసుకోవాలి. ఒకటి రెండు ఉంటే ఇబ్బంది లేదు, రోజూ ఉంటే అది విశ్రాంతి యాత్ర కాదు. అలల ఊపు అస్సలు పడదనుకునేవారికి ఫ్రెంచ్ పాలినీషియాలోని రయతేయా, తహా దీవులు చక్కగా సరిపోతాయి, ఎందుకంటే ఆ రెండూ ఒకే పగడపు దిబ్బ వలయం లోపల, ఒకే లగూన్‌లో ఉన్నాయి. సేషెల్స్‌లో ప్రాస్లిన్, లా డీగ్ వంటి దీవులు కూడా ఒకదానికొకటి కనుచూపు మేరలోనే ఉంటాయి. ప్రాస్లిన్‌లో దిగినప్పుడు వల్లే ద మే అడవిని తప్పక చూడాలి. కోకో ద మేర్ అనే జంట కొబ్బరి సహజంగా పెరిగే ఆ లోయను యునెస్కో 1983లో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

ఏ రకం నౌక?

పెద్ద తెరచాప నౌకలు, దేశీయ పద్ధతిలో కట్టిన కొయ్య నౌకలు, అద్దెకు తీసుకునే చిన్న యాట్‌లు అని స్థూలంగా మూడు రకాలున్నాయి. మొదటి రకానికి రాయల్ క్లిప్పర్ మంచి ఉదాహరణ. 2000లో జలప్రవేశం చేసిన ఈ నౌకకు 5 స్తంభాలు, 42 తెరచాపలు ఉన్నాయి. సుమారు 227 మంది ప్రయాణికులు పడతారు. వేల మందిని మోసే విహార నౌకలతో పోలిస్తే అది చిన్నదే, కనుక వాటికి అందని చిన్న రేవుల దగ్గర కూడా లంగరు వేయగలుగుతుంది. వంట, శుభ్రత, అధికారుల అనుమతులు అన్నీ సిబ్బందే చూసుకుంటారు. అడిగితే తాడు లాగడంలోనో చుక్కాని పట్టడంలోనో మనకు కూడా అవకాశం ఇస్తారు. ముక్కు దగ్గర ముందుకు చాచిన కొయ్య కింద కట్టిన వలలో పడుకుని, కింద నీటిని చీల్చుకుపోయే నౌకను చూడటం ఇలాంటి నౌకల్లో మాత్రమే దొరికే భాగ్యం. ఒంటరిగా వెళ్ళేవారికీ, మొదటిసారి వెళ్ళే దంపతులకూ నేను ఈ రకాన్నే సూచిస్తాను.

ఇండోనేషియాలో కొమోడో దీవుల మధ్య తిరిగే పినిసి నౌకలు రెండో రకానికి చెందినవి. దక్షిణ సులవేసిలో ఈ నౌకలను కట్టే విద్యను యునెస్కో 2017లో మానవజాతి అభౌతిక వారసత్వ జాబితాలో చేర్చింది. చూడటానికి అపురూపంగా ఉంటాయి. అయితే విహారానికి నడిపే పినిసిలలో చాలావరకు ఎక్కువ దూరం ఇంజిన్ మీదనే పోతాయి, తెరచాపలను అప్పుడప్పుడు మాత్రమే ఎత్తుతారు. తెరచాప ప్రయాణమే కోరుకునేవారు డబ్బు కట్టకముందే ‘మొత్తం దూరంలో ఎంత భాగం ఇంజిన్ లేకుండా పోతారు?’ అని సూటిగా అడగాలి. నిజానికి ఈ ప్రశ్న ఏ నౌకవారినైనా అడగవలసినదే, జవాబు తడబడకుండా చెప్పేవారిని నమ్మవచ్చు.

కుటుంబమో స్నేహితులో ఆరు నుంచి ఎనిమిది మంది కలిసి వెళ్ళేటప్పుడు యాట్ అద్దెకు తీసుకోవడం బాగుంటుంది. రెండు అడుగుభాగాలున్న కటమరాన్ పెద్దగా ఒరగదు, వెడల్పుగా ఉంటుంది, లోతు తక్కువ నీటిలోకి పోగలదు. ఒకే అడుగుభాగం ఉన్న పడవ గాలికి ఒరుగుతుంది కానీ, తెరచాపల మీద పోతున్నామనే స్పృహ అందులోనే ఎక్కువ. యాట్ నడపగలవారు మీలో ఉన్నా, విశ్రాంతే లక్ష్యమైనప్పుడు స్థానిక కెప్టెన్‌ను పెట్టుకోండి. రాత్రి గాలి దిశ మారి లంగరు జారుతుందేమోనని మేలుకొని ఉండవలసిన మనిషికి అది సెలవు కాదు.

కేబిన్, కడుపులో తిప్పడం

నౌక ఊపు ముక్కు దగ్గరా వెనుక చివరా ఎక్కువ, మధ్యలో నీటిమట్టానికి దగ్గరగా తక్కువ. అందువల్ల ఖరీదైన పై కేబిన్ కంటే మధ్యలోని కింది కేబిన్‌లో చాలామందికి నిద్ర బాగా పడుతుంది. జనరేటరు, లంగరు గొలుసు ఎక్కడున్నాయో కూడా కేబిన్ ఎంచుకునేటప్పుడే అడగాలి. తెల్లవారుజామున తలపక్కనే గొలుసు మోగడం సుఖంగా ఉండదు.

కడుపులో తిప్పడం మొదలైన తరువాత మాత్ర వేసుకుంటే పెద్దగా ప్రయోజనం ఉండదు. మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్ వంటి మాత్రలను బయలుదేరడానికి గంట ముందే వేసుకోవాలి, వాటివల్ల కొంత మగత వస్తుంది. చెవి వెనుక అంటించే స్కోపోలమిన్ పట్టీ అయితే కనీసం నాలుగు గంటల ముందు అంటించాలి, అది మూడు రోజుల వరకు పనిచేస్తుంది. గ్లకోమా అనే కంటి జబ్బులో కొన్ని రకాలు ఉన్నవారు దానిని వాడకూడదు. వృద్ధులు, గర్భిణులు, ఇతర మందులు వాడేవారు ఏ మందైనా వైద్యుని అడిగాకే తీసుకోవాలి. మందుతో పాటు ప్రవర్తన కూడా ముఖ్యం. తల తిరుగుతున్నట్టు అనిపించగానే కేబిన్‌లోకి పోయి పడుకోవాలనిపిస్తుంది కానీ, పైకి వచ్చి గాలి తగిలే చోట కూర్చుని దిగంతరేఖను చూస్తూ ఉండటమే మంచిది. పుస్తకం, ఫోను పక్కన పెట్టాలి, ఖాళీ కడుపుతో ఉండకూడదు. చాలామందికి రెండు రోజుల్లో శరీరం అలవాటుపడుతుంది. అందుకే మొదటి రెండు రోజుల మార్గం గాలి చాటున సాగేలా ఉన్న యాత్రను ఎంచుకోవడం తెలివైన పని.

సామాను

చక్రాల పెట్టెకు చిన్న యాట్‌లో చోటు ఉండదు, కాబట్టి మడిచి పెట్టుకోగల మెత్తని సంచి తీసుకెళ్ళాలి. పలుచని పొడుగు చేతుల చొక్కాలు, గడ్డం కింద కట్టుకునే టోపీ, పోలరాయిడ్ కళ్ళద్దాలు, రాత్రి గాలికి ఒక పలుచని కోటు, డెక్ మీద జారని తెల్ల అడుగున్న చెప్పులు, నీటిలో దిగి నడవడానికి వేరే చెప్పులు ఉంటే దుస్తుల విషయం దాదాపు పూర్తయినట్టే. చాలా దీవుల్లో నౌక ఒడ్డుకు ఆనదు. చిన్న పడవలో పోయి మోకాలి లోతు నీటిలో దిగవలసి ఉంటుంది కనుక ఫోను, పాస్‌పోర్టు పెట్టుకోవడానికి నీరు చొరని సంచి తప్పనిసరి. సన్‌స్క్రీన్ విషయంలో జింక్ ఆక్సైడ్ రకాన్ని తీసుకోండి. పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సిబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్‌ల అమ్మకాన్ని పలావు దేశం 2020లో, హవాయి రాష్ట్రం 2021లో నిషేధించాయి. ఏ రకమైనా రెండు గంటలకొకసారి, ఈత తరువాత వెంటనే మళ్ళీ రాసుకోవాలి. గాలి చల్లగా తగులుతుంటే ఒళ్ళు కాలుతున్న సంగతి తెలియదు.

నౌకలో రోజులు గడపడం

సూర్యుడు నడినెత్తికి రాకముందే ఈత, పగడాల సందర్శన ముగించుకుని, మధ్యాహ్నం నీడలో ప్రయాణించి, వెలుగు ఉండగానే తరువాతి లంగరు చోటుకు చేరుకోవడం ఉష్ణమండలంలో సహజమైన దినచర్య. అక్కడ సంధ్యాకాలం చాలా కురచ. సూర్యుడు అస్తమించిన అరగంటకే చీకటి పడుతుంది, ఆ చీకట్లో పగడపు దిబ్బలు కనిపించవు.

టొబాగో కీస్‌లో రెండు రాత్రులైనా ఉండేలా చూసుకోండి. జనావాసం లేని ఐదు చిన్న దీవుల్లో నాలుగింటికి తూర్పున గుర్రపు లాడం ఆకారంలో పగడపు దిబ్బ ఉంటుంది. అట్లాంటిక్ అలలు ఆ దిబ్బ మీద పడి విరిగిపోతాయి, గాలి మాత్రం అడ్డులేకుండా వస్తుంది. నౌక కదలకుండా, చల్లగా ఉండే ఇలాంటి చోటు అరుదు. బరడాల్ దీవి పక్కన సముద్రపు గడ్డి మేసే తాబేళ్ళను చూసేటప్పుడు దూరంగా తేలుతూ ఉండాలి, వెంటపడకూడదు, తాకకూడదు. పగడాల మీద నిలబడటం అసలే కూడదు. 2024 జూలై 1న బెరిల్ హరికేన్ కారియాకూ, యూనియన్ ఐలాండ్‌లను తీవ్రంగా దెబ్బతీసింది కనుక, ఆ దీవుల్లో ఏ వసతులు తిరిగి నడుస్తున్నాయో బయలుదేరే ముందు విచారించాలి. అక్కడి చిన్న పడవల వాళ్ళ దగ్గర చేపలు, పండ్లు కొనడం వారికి నిజమైన సాయం.

కరిబియన్ తీరాల్లో మాంచినీల్ అనే చెట్టును గుర్తుపట్టడం నేర్చుకోవాలి. చిన్న పచ్చ ఆపిల్‌లా ఉండే దాని కాయ విషం, పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది, వానలో ఆ చెట్టు కింద నిలబడినా ప్రమాదమే. చాలాచోట్ల మానుకు ఎర్ర రంగు పట్టీ వేసి హెచ్చరిస్తారు, కానీ అన్ని చోట్లా కాదు.

నౌకలో మంచినీరు పరిమితం; స్నానంలో సబ్బు రాసుకునేటప్పుడు నీరు కట్టేయాలి. నౌక కదులుతున్నప్పుడు ఒక చేయి ఎప్పుడూ పట్టుగా ఉండాలి, మెట్లు దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాలి.

రాత్రి డెక్ మీద దీపాలు ఆర్పమని కెప్టెన్‌ను అడగండి. గ్రెనడీన్స్ దగ్గర అక్షాంశం సుమారు 13 డిగ్రీలు కనుక ధ్రువనక్షత్రం ఉత్తరాన అంతే ఎత్తులో, చాచిన చేతి పిడికిలి కన్నా కొంచెం పైగా కనిపిస్తుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో దక్షిణాన త్రిశంకు (సదరన్ క్రాస్) నక్షత్రరాశి కూడా కనిపిస్తుంది. చుట్టూ ఊరి వెలుతురు లేని చోట రెండింటినీ ఒకే రాత్రి చూడటం కోసమైనా మెలకువగా ఉండవచ్చు.

పత్రాలు, డబ్బు, తిరుగు ప్రయాణం

చిన్న దీవులు పక్కపక్కనే ఉన్నా దేశాలు వేరు కావచ్చు. యూనియన్ ఐలాండ్ సెయింట్ విన్సెంట్ అండ్ ద గ్రెనడీన్స్ దేశానిది, కనుచూపు దూరంలోని కారియాకూ గ్రెనడాది, మార్టినీక్ ఫ్రాన్స్‌లో భాగం. మార్గంలో తగిలే ప్రతి దేశపు వీసా నియమం విడివిడిగా చూసుకోవాలి, పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. మార్టినీక్‌లో యూరో చెల్లుతుంది. సెయింట్ లూషియా నుంచి గ్రెనడా వరకు వాడే తూర్పు కరిబియన్ డాలరు విలువ 1976 నుంచి ఒక అమెరికా డాలరుకు 2.70గా స్థిరంగా ఉంది. చిన్న దీవుల్లో కార్డులు అన్ని చోట్లా తీసుకోరు, కొంత నగదు ఉంచుకోవాలి. ప్రయాణ బీమాలో అత్యవసరంగా విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు చేరిందో లేదో పత్రం చదివి నిర్ధారించుకోవాలి, ఎందుకంటే పెద్ద ఆసుపత్రి ఉండేది మరో దీవిలోనే.

నౌక ఎక్కవలసిన రేవుకు ఒక రోజు ముందే చేరండి. ఆలస్యమైన విమానం కోసం నౌక ఆగదు. దిగిన రోజునే విమానం ఎక్కే ఏర్పాటు కూడా పెట్టుకోవద్దు. గాలి వల్ల నౌక ఆలస్యం కావచ్చు. పైగా గాలి సిలిండరుతో చేసే స్కూబా డైవింగ్‌లో పలుమార్లు నీటి అడుగుకు పోయినవారు, చివరిసారి పైకి వచ్చాక కనీసం 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి. ఆ రోజును రేవు దగ్గరే ఏదైనా బసలో గడపండి. నేల ఊగుతున్నట్టు ఒకటి రెండు రోజులు అనిపించడం మామూలే. అది తగ్గేవరకు వాహనం నడపకుండా ఉండటం మంచిది.